ఎర్రలైటు తౌనో

పీపా బండి మూడో చుట్టులో ఉండగా తౌనో కంగాస్‌కి ముక్కు కారడం మొదలైంది. ఆగి తుడుచుకుందామంటే కుదరదు. బండి ఆగిందంటే వేడినీళ్ళు ఒకేచోట కారి, మధ్యాహ్నానికి మంచు మీద అక్కడో బొడిపె లేస్తుంది. ఆ బొడిపె మీద ఏ కుర్రాడో బోర్లా పడి పళ్ళు రాలగొట్టుకుంటాడు. అందుకని ముక్కు సంగతి ముక్కుకే వదిలేసి, మనవాడు తలొంచుకుని లాగుతూ పోయాడు. శనివారం పొద్దున్న అయిదున్నర. మార్చి నెల. మంచు మీద హాకీ ఆడే ఆ రింకులో ఇంకో నరమానవుడు లేడు.

ఆ బండంటే పెద్ద యంత్రమేం కాదు. ఓ ఇనప పీపా, దాని కింద రెండు చక్రాలు, వెనకాల చిల్లులు పొడిచిన గొట్టం, గొట్టానికి చుట్టిన పాత దుప్పటి. పీపాలో పొగలు కక్కే నీళ్ళు పోసి లాక్కుంటూ పోతే, నీళ్ళు దుప్పట్లోంచి ఊరి, వెనకాల మంచు ఇల్లలికినట్టు నున్నగా తేలుతుంది. వేరే కాలేజీల వాళ్ళు ఇంజను బళ్ళు కొనుక్కున్నారు, డ్రైవరు పైన దర్జాగా కూర్చుని తోలతాడట. అమెరికా ఉత్తరపు కొసన ఉన్న మా నార్త్ షాఫ్ట్ కాలేజీకి మాత్రం ఇంజనూ తౌనోనే, డ్రైవరూ తౌనోనే.

వయసు అరవై ఒకటి. బాయిలరు గది గుమ్మం కంటే నాలుగు వేళ్ళు ఎక్కువ పొడుగు. ఆ సంగతి మర్చిపోయినప్పుడల్లా గుమ్మం గుర్తుచేసేది, అందుకు నుదుటి మీద అడ్డంగా ఓ పాత చార. చెవులు పెద్దవి, చలికి ఎప్పుడూ ఉడికిన బీట్‌రూట్ రంగులో ఉంటాయి. రాగి గనిలో పంతొమ్మిదేళ్ళు రాళ్ళబండి తోశాడు. ఓరోజు ఆ బండే ఎదురు తిరిగి ఎడమ మోకాలు పట్టుకుపోయింది. అప్పట్నుంచీ ఎక్కడ నడిచినా మెట్టెక్కుతున్నట్టే నడుస్తాడు. పీపా లాగేటప్పుడు మాత్రం ఆ కుంటు కనపడదు. బరువు వెనకాలుంటేనే ఆ మనిషి తిన్నగా నడుస్తాడు.

నాలుగో చుట్టులో ఎడమ భుజం మీద ఎవరో వచ్చి కూర్చున్నట్టయింది. తౌనో భుజం ఓసారి ఎగరేశాడు. దిగలేదు. పీపా పాతబడి బరువెక్కిందనుకున్నాడు. మనిషి పాతబడ్డాడని అనుకోవచ్చుగా, అనుకోడు.

మ్యాచ్ రోజున తౌనోకి ఇంకో ఉద్యోగం ఉంది. గోలు వెనకాల చెక్కగోడకి ఆనించి ఇనప జాలీతో కట్టిన ఓ గూడు, కోళ్ళగూడు కంటే కాస్త పెద్దది. అందులో ఓ స్టూలు, స్టూలు పక్కన ఓ స్విచ్చి. బంతికి బదులు వాడే పక్ అనే రబ్బరు బిళ్ళ గీత దాటి గోల్లో పడిందా, స్విచ్చి పైకి ఎత్తాలి. గోలు వెనక ఎర్రలైటు వెలుగుతుంది, పద్దెనిమిది వందలమంది లేచి గావుకేకలు పెడతారు. మనసులో మూడు లెక్కపెట్టి స్విచ్చి కిందకి దించాలి. లైటు ఆరుతుంది. అంతే పని. పదిహేడేళ్ళుగా అదే పని. దానికోసం ఉన్న ఒక్క టై కట్టుకుని, కోటు గుండీలన్నీ పెట్టుకుని వెళ్ళేవాడు, చర్చికి వెళ్తున్నట్టు. అందరూ లైటు చూస్తారు. వెలిగించినవాణ్ణి ఎవడు చూస్తాడు?

అలాగని మా ఊరు తౌనోని పట్టించుకోలేదనుకునేరు. మా ఊళ్ళో ఒకణ్ణి పట్టించుకుంటున్నాం అంటే వాణ్ణి ఏడిపిస్తున్నాం అని అర్థం. ఓ ఏడాది ఎవరో ఆ లైటు తీసేసి క్రిస్మసు చెట్టు నీలం బల్బు పెట్టారు. మొదటి గోలు పడగానే నీలంగా వెలిగింది. రిఫరీ పాపం అది గోలో కాదో తెలీక తన పుస్తకం తీసి చూసుకున్నాడు. ఇంకో ఏడాది ఆ స్టూలు కాళ్ళు మ్యాచ్‌కో వేలెడు చొప్పున కోసుకుంటూ పోయారు. నవంబరులో నిటారుగా కూర్చున్న మనిషి ఫిబ్రవరికల్లా గడ్డం చెక్కకి ఆనించి చూడాల్సొచ్చింది. "వయసు మీద పడుతోంది హిల్మా, కుదించుకుపోతున్నా," అని అద్దెకున్న ఇంటి యజమానురాలి దగ్గర దిగులుపడ్డాడు తప్ప, స్టూలు కింద చూసుకోవాలని తట్టలేదు. తట్టాక మాత్రం మూడ్రోజులు నవ్వాడు, తనలో తనే, భుజాలు కదులుతుంటే.

వీటన్నిటికీ పెద్దమనిషి ఫెర్డీ ట్రెగియర్. ఇనపసామాన్ల కొట్టు వాడిది. మ్యాచ్ రోజున గడియారం వాడి చేతిలో. రిఫరీ పక్ కింద వదలగానే మీట నొక్కి గడియారం వదలడం, విజిలు ఊదగానే ఆపడం వాడి పని. మనిషి మూడడుగులైతే నోరు ఆరడుగులు. తాతలనాడు ఇంగ్లండులోని కార్న్‌వాల్ నుంచి వచ్చిన గని కుటుంబం. తౌనోవాళ్ళు ఫిన్లాండు నుంచి వచ్చినవాళ్ళు. గనిలో ఈ రెండు జాతులకీ పడేది కాదు. వీళ్ళిద్దరికీ మాత్రం ఓ దుంప కుదిర్చింది స్నేహం.

అదెలాగంటే, మ్యాచ్‌లో మూడు భాగాలు, మధ్యలో రెండు విరామాలు. రెండో విరామంలో తౌనో పీపా లాగడానికి వెళ్తూ ఉన్ని చేతితొడుగులు బాయిలరు గొట్టం మీద ఆరేసి, పని తొడుగులు వేసుకునేవాడు. వాడు అటు వెళ్ళగానే ఫెర్డీ బాయిలరు బూడిదలో కాల్చిన బంగాళాదుంప తీసి, ఎడమచేతి తొడుగు కొసకంటా దూర్చేవాడు. తౌనో వచ్చి గబుక్కున చెయ్యి పెట్టేవాడు. "పెర్కెలే!" అని అరిచేవాడు, అమ్మానాన్నల భాషలో వాడికి బాగా వచ్చిన తిట్టు అదొక్కటే. ఆ అరుపు మూడో వరస దాకా వినపడేది. ఫెర్డీ తన బల్ల దగ్గర కడుపు పట్టుకుని, కళ్ళ నీళ్ళు తుడుచుకుంటూ గంట కొట్టేవాడు. ఇక మూడో భాగమంతా తౌనో ఎడమచెయ్యి వెచ్చగా ఉండేది. మ్యాచ్ అయ్యాక కోటు జేబులోంచి ఉప్పు పొట్లం తీసి, ఆ దుంప తినేసి ఇంటికెళ్ళేవాడు. ఉప్పు పొట్లం ఇంటి దగ్గర్నుంచే తెచ్చుకునేవాడంటే చూడండి. పన్నెండేళ్ళు ఇలా జరిగింది. ఒక్కరోజైనా దాని గురించి ఇద్దరూ మాట్లాడుకోలేదు.

పోయినేడు మార్చిలో అది ఆగిపోయింది.

పోయినేడంటే యాభై ఏడు. మా కాలేజీ పుట్టాక అంత మంచి ఏడాది రాలేదు. ఇరవైరెండు మ్యాచ్‌లు గెలిచారు. చివరి మ్యాచ్ సమం చేసుకున్నా చాలు, కొలరాడోలో దేశం మొత్తం మీద నాలుగే జట్లు ఆడే పోటీకి వెళ్ళొచ్చు. జట్టంతా కెనడా కుర్రాళ్ళు. మా ఊరివాడు ఒక్కడే, ఫెర్డీ అక్క కొడుకు లైల్. ఒక్క గోలు వెనకబడి ఉన్నారు. గడియారంలో నాలుగు సెకన్లు మిగిలాయి. రిఫరీ పక్ వదిలాడు, అది లైల్ కర్రకి తగిలింది, వాడు కొట్టాడు. పక్ గోల్లో పడింది. తౌనో స్విచ్చి ఎత్తాడు.

ఎత్తాడు. బొటనవేలికి ఇప్పటికీ గుర్తుంది. కానీ అదే క్షణంలో గంట మోగింది, పచ్చలైటు వెలిగింది. టైము అయిపోయి పచ్చలైటు వెలిగిందంటే ఎర్రలైటుకి కరెంటు పోతుంది, తీగలు అలా కలిపారు. ఇక స్విచ్చి ఎంత ఎత్తినా అది వెలగదు. రిఫరీ జారుకుంటూ వచ్చి జాలీకి మూతి ఆనించాడు.

"చూశావా? లోపలికెళ్ళిందా?"

"లైటు వెలగలేదండి."

"నువ్వేం చూశావయ్యా అంటున్నా."

"లైటు వెలగలేదు," అన్నాడు తౌనో మళ్ళీ.

గూట్లో కూర్చున్నవాడికి నోరుండకూడదు, లైటే ఉండాలి, అని వాడి లెక్క. గోలు చెల్లదన్నారు. కొలరాడో పోయింది. ముసలాడు గూట్లో కునుకు తీశాడు, స్విచ్చే ఎత్తలేదు అని ఊరంతా అనుకుంది. ఎత్తానని వాడు చెప్పలేదు. చెప్పినా ఆరిపోయిన లైటుకి సాక్ష్యం ఎవరు?

లైల్ చదువైపోయి డెట్రాయిట్‌లో కార్ల ఫ్యాక్టరీలో చేరాడు. ఫెర్డీ తౌనోతో మాట్లాడ్డం మానేశాడు. ఫెర్డీ మానేస్తే ఊరు మానేసినట్టే. ఒక్కడూ తిట్టలేదు, అద్దాలు పగలగొట్టలేదు. మా వాళ్ళు అలాంటివాళ్ళు కారు. ఏడిపించడం మానేశారు, అంతే. ఈ ఏడాది లైటు బల్బు నవంబరు నుంచీ ఎర్రగానే ఉంది. స్టూలు కాళ్ళు నాలుగూ సమానం. వాడి రబ్బరు జోళ్ళని ఎప్పట్లా ఎవరూ నేలకి మేకులేసి కొట్టలేదు. మా రింకులో ఆడిన పన్నెండు మ్యాచ్‌లకీ తొడుగులో దుంప లేదు. ప్రతిసారీ తౌనో ఎలుక కన్నంలో పెడుతున్నట్టు వేళ్ళు ముందు పెట్టి, మెల్లిగా చెయ్యి దూర్చేవాడు. తొడుగు ఖాళీ. ఉప్పు పొట్లం మాత్రం తీసుకెళ్ళడం మానలేదు.

ఇవాళ పదమూడోది. ఆఖరిది. ఇవాళ కాకపోతే మళ్ళీ నవంబరే.

ఎనిమిదింటికి ఇంటికొచ్చేసరికి హిల్మా వంటింట్లో పాస్టీలు చుడుతోంది. ఆవిడ అద్దెగదుల ఇల్లది. పై గదిలో తౌనో పద్నాలుగేళ్ళుగా ఉంటున్నాడు. మ్యాచ్ ఉంటే ఆవిడ మాంసమూ దుంపలూ కూరిన పాస్టీలు బుట్టకెత్తి రింకులో అమ్ముతుంది. మోచేతిదాకా పిండి.

"ఏమయ్యా, మొహమేంటలా ఉంది? చచ్చిన చేపని రెండ్రోజులు దాచినట్టు."

"బానే ఉన్నా."

"బానే ఉన్న చేపలు కూడా అలాగే అంటాయి. ఇవాళ ఆ గూట్లో కూర్చోకపోతే ప్రళయమేం రాదు. పదహారు మ్యాచ్‌లు ఓడిన జట్టు, పదిహేడోది నువ్వు లేకుండా ఓడతారు."

తౌనో కాఫీ సాసర్లో వంచుకున్నాడు. పంచదార బిళ్ళ ముందు పళ్ళ మధ్య పెట్టుకుని, సాసరు పెదాలకి ఆనించి జుర్రాడు. యాలకుల రొట్టె ముంచుకుని తిన్నాడు. ఎడమచేత్తో సాసరు పట్టుకోబోతే వేళ్ళు సరిగ్గా ముడుచుకోలేదు. కుడిచేతికి మార్చాడు. హిల్మా అది చూసింది.

"శనివారం కదా, ఆవిరి స్నానానికి సౌనా వేడి చేయిస్తా. మ్యాచ్ రెండింటికే, చీకటి పడకముందే అయిపోతుంది. తిన్నగా ఇంటికి రా, ఒళ్ళు కాచుకుందువుగాని."

"ఊ," అన్నాడు. లేచి ఉప్పు డబ్బా దగ్గరికి వెళ్ళి, చిటికెడు ఉప్పు కాగితంలో మడిచి జేబులో పెట్టుకున్నాడు.

హిల్మా పిండి పిసకడం ఆపింది. "ఇంకానా?"

"ఉండనీ. ఉప్పే కదా."

"ఆ ఫెర్డీ గాడు కనపడితే నా అప్పడాల కర్ర వాడి నెత్తిన విరుగుతుంది. చెప్పు వాడికి."

"నువ్వే చెప్పు. నాతో మాట్లాడడుగా."

ఆ మాట ఎంత మామూలుగా అన్నాడంటే, హిల్మా కళ్ళు పిండిలోకి దించేసింది.

రెండింటికి రింకు సగమే నిండింది. ఓడిపోయే ఏడాదికి సగం కూడా ఎక్కువే. సెయింట్ బ్రెండన్ కాలేజీ వాళ్ళు వచ్చారు, నిగనిగలాడే కొత్త చొక్కాలేసుకుని. తౌనో టై సర్దుకుని గూట్లో దూరాడు. ఎందుకైనా మంచిదని స్టూలు కాళ్ళు వేలితో కొలిచాడు. నాలుగూ ఒకటే.

మొదటి భాగంలో సెయింట్ బ్రెండన్ రెండు కొట్టింది. రెండూ అవతలి గోల్లో పడ్డాయి, ఆ లైటు ఇంకోడి పని. ఇవతల తౌనో కళ్ళార్పకుండా గీత చూస్తూ కూర్చున్నాడు. ఆ గీత చూడ్డం కూడా ఓ విద్యే. పక్‌ని చూడకూడదు. పక్ ఎటో పోతుంది, కళ్ళు దాని వెనకాల పోతాయి. గీతని చూస్తూ ఉండాలి, రావాలనుకుంటే పక్కే వస్తుంది. పదిహేడేళ్ళు అలాగే చూశాడు. గీత తప్ప ఇంకేం చూడకుండా.

మొదటి విరామంలో పీపా లాగి బాయిలరు గదికొచ్చేసరికి లోపల ఫెర్డీ ఉన్నాడు. బాయిలరు తలుపు దగ్గర చేతులు వెనక్కి పెట్టుకుని, కుండ పగలగొట్టినవాడిలా నిలబడ్డాడు. తౌనో గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. నెత్తి కొట్టుకోకుండా వంగడం కూడా మర్చిపోయాడు. గుమ్మం గుర్తుచేసింది.

"అబ్బా!"

ఫెర్డీ మూతి వంకర తిరిగింది, నవ్వు వచ్చేదే. ఆపుకున్నాడు.

"చలా?" అన్నాడు తౌనో నుదురు రుద్దుకుంటూ.

"ఊ. చెయ్యి కాచుకుందామని."

"కాచుకో."

కాసేపు ఇద్దరూ బాయిలరు వైపే చూశారు, అది ఏదో కథ చెప్తున్నట్టు.

"బయట కరుగుతోంది," అన్నాడు ఫెర్డీ.

"మార్చి కదా."

"మార్చే." ఫెర్డీ ఇంకేదో అనబోయాడు. నోరు తెరిచాడు కూడా. ఆరడుగుల నోరు, ఏడాదిగా మూతపడి తుప్పు పట్టినట్టుంది. "తౌనో, ఆ రోజు..." అని ఆగి, "సరే, గంట కొట్టాలి," అని పక్కనుంచి దూరి వెళ్ళిపోయాడు.

తౌనో తొడుగులు గొట్టం మీంచి తీశాడు. ఎడమదాంట్లోకి వేళ్ళు మెల్లిగా దూర్చాడు. ఖాళీ. అవున్లే, మొదటి విరామంలో ఎప్పుడూ పెట్టలేదు కదా. అయినా చూశాడు. చూసి, ఫెర్డీ అన్న మాటలు వేళ్ళ మీద లెక్కేసుకున్నాడు. వేళ్ళు చాలలేదు. ఏడాదికి సరిపడా మాటలు. తన పేరు కూడా అన్నాడు.

రెండో భాగంలో సెయింట్ బ్రెండన్ ఇంకో మూడు కొట్టింది. ఈసారి జట్ల వైపులు మారాయి కాబట్టి ఆ మూడూ తౌనో ముందే పడ్డాయి. మూడుసార్లు స్విచ్చి ఎత్తి, మూడుసార్లు మూడు లెక్కపెట్టి దించాడు. ఎవరూ అరవలేదు. ఒంటరిగా తుమ్మినట్టు లైటు వెలిగి ఆరిపోయింది.

రెండో విరామంలో పీపా నాలుగు చుట్లు లాగేసరికి భుజం మీద కూర్చున్నవాడు గుండెల మీదకి దిగాడు. మంచు అవతలి కొస చాలా దూరంలో ఉంది. కింద చూసుకుంటే అలికిన మంచులో పైకప్పు దూలాలు, కిటికీలు, వాటిమధ్య పొడుగ్గా ఓ మనిషి తలకిందులుగా వేలాడుతున్నాడు. ఎవర్రా వీడు అనుకున్నాడు తౌనో. వీడు బానే కష్టపడుతున్నాడు, అనుకున్నాడు.

బాయిలరు గదికి వచ్చేసరికి అప్పటికే గంట కొడుతోంది. గదిలో ఎవరూ లేరు. కాలిన దుంప వాసన వేసింది. ముక్కు కూడా ముసలిదైపోయింది, పాత వాసనలు తవ్వి తీస్తోంది అనుకున్నాడు. తొడుగులు తీశాడు. ఎడమచెయ్యి పైకి లేవడంలేదు, వేళ్ళకి స్పర్శ లేదు. ఈ చేతికి తొడుగు ఎక్కించే ఓపిక లేక రెంటినీ కలిపి కోటు ఎడమజేబులో కుక్కేసి, గూటివైపు కుంటుకుంటూ నడిచాడు. ఆ రోజంతటిలో చూసుకోకుండా తొడుగు తీసింది ఆ ఒక్కసారే.

స్టూలు మీద కూర్చున్నాక పక్కటెముకల దగ్గర వెచ్చగా అనిపించింది. హాయిగా ఉంది. బాయిలరు వేడి కోటుకి పట్టుకుందిలే అనుకున్నాడు. ఆ వెచ్చదనం వైపు కొంచెం ఒరిగాడు. జాలీకి భుజం ఆనించాడు. నొప్పి కూడా కాస్త సర్దుకున్నట్టయింది. కిటికీల్లోంచి మధ్యాహ్నపు ఎండ మంచు మీద చాపలా పరుచుకుంది. బయట చూరు నుంచి నీళ్ళు కారుతున్న చప్పుడు. ఇంకో పది రోజుల్లో మంచుని గడ్డ కట్టించే గొట్టాలు ఆపేస్తారు. మంచు నీళ్ళైపోతుంది, కింద ఇసక బయటపడుతుంది. రాత్రికి సౌనా. అన్నీ బానే ఉన్నాయి. ఫెర్డీ తన పేరు పెట్టి పిలిచాడు.

గీత చూస్తూ కూర్చున్నాడు.

వైపులు మళ్ళీ మారిన ఆ మూడో భాగం ఆఖరి నిమిషాల్లో, అయిదు సున్నా మీద ఉండగా, మా వాళ్ళలో ఓ కుర్రాడు ఎటో కొట్టబోతే పక్ ఇంకోడి జోడుకి తగిలి, అవతలి జట్టు గోలు కాసేవాడి కాళ్ళ సందులోంచి బద్ధకంగా దొర్లుకుంటూ వచ్చింది. గీత మీద ఆగుదామా అన్నట్టు ఆలోచించింది. దాటింది. పూర్తిగా దాటింది. తౌనో చూశాడు. బొటనవేలు స్విచ్చి ఎత్తింది.

ఎర్రలైటు వెలిగింది. నిండుగా, ఎర్రగా, ఏ పచ్చలైటూ అడ్డురాకుండా. సగం నిండిన రింకు లేచి నిండు రింకులా అరిచింది. తౌనో చెవులకి అది దూరంగా, నీళ్ళ కింద నుంచి వినపడింది. ఒకటి, అనుకున్నాడు. రెండు.

ఆటగాళ్ళు మధ్యకి వచ్చి వరసలు కట్టారు. రిఫరీ పక్ చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. లైటు ఇంకా వెలుగుతూనే ఉంది. రిఫరీ గూటివైపు చెయ్యి ఊపాడు. లైటు ఆరలేదు. ముందు వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత వెనకనుంచి ఓ గొంతు లేచింది.

"ఓయ్ తౌనో! ఆర్పవయ్యా! ఒక్క గోలుకి ఎంతసేపు పండగ?"

నవ్వులు.

"ఉండనీరా! పోయినేడు వెలగనిది కూడా కలిపి వెలిగిస్తున్నాడు!"

అంతే, రింకు మొత్తం ఘొల్లుమంది. చెక్కబెంచీలు దడదడలాడాయి. "తౌనో! తౌనో!" అని చప్పట్లు, కాళ్ళతో తాళం. కెనడా కుర్రాళ్ళు కూడా కర్రలు మంచుకేసి కొడుతున్నారు. హిల్మా పాస్టీ బుట్ట పక్కన పెట్టి, ఏప్రన్‌తో కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. ముసలాడు ఏడాదంతా మూతి ముడుచుకుని కూర్చుని, ఆఖరికి ఎంత దెబ్బ కొట్టాడు చూడు! ఏడాది తర్వాత ఊరు తౌనోని నోరారా ఏడిపించింది. పేరు పెట్టి ఏడిపించింది.

అందరికంటే పెద్దగా నవ్వింది ఫెర్డీయే. నవ్వుతూ నవ్వుతూ ఒక్కసారి ఆగాడు. గడియారం మీట వదిలేసి, రబ్బరు జోళ్ళతోనే మంచు మీద పడ్డాడు. జారుతూ, లేస్తూ ఆ కొస దాకా పోయాడు. జనం వాణ్ణి చూసి ఇంకా నవ్వారు.

జాలీ తలుపు తీశాడు. తౌనో పక్కకి ఒరిగి, తల జాలీకి ఆనించుకుని ఉన్నాడు. కళ్ళు సగం తెరిచి ఉన్నాయి. చూపు గీత మీదే. బొటనవేలు స్విచ్చి మీద ఉంది, మూడో అంకె కోసం ఆగినట్టు.

ఫెర్డీ గూట్లోకి దూరి, చోటు లేకపోయినా వాడి పక్కనే కింద చతికిలబడ్డాడు. నవ్వులు ఒక్కో వరసా ఆగిపోతూ వచ్చాయి. హిల్మా గోడ చుట్టూ తిరిగి వచ్చి జాలీ పట్టుకుని నిలబడింది.

"ఒరేయ్," అన్నాడు ఫెర్డీ, తౌనో మోకాలి మీద చెయ్యేసి. "ఆ రోజు పక్ కింద పడకముందే గడియారం వదిలేశానురా. మా లైల్‌గాణ్ణి చూస్తూ చెయ్యి తొందరపడింది. ఒక్క సెకను. నువ్వు ఎత్తావని నాకు తెలుసు. ఆ సెకను నా దగ్గరే ఉండిపోయింది. ఇవాళ చెప్దామనే... పొద్దుట్నుంచీ..."

హిల్మాకి అప్పడాల కర్ర గుర్తొచ్చిందో లేదో. తెరిచిన జాలీ తలుపులోంచి చెయ్యి పెట్టి, తౌనో టై తిన్నగా సర్దింది.

ఫెర్డీ స్విచ్చి దించబోయి, దించలేక చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. తౌనో ఎడమచెయ్యి వేలాడుతోంది. చల్లగా ఉంది. తొడుగు వేసుకోలేదేంటి వీడు అని వెతికాడు. కోటు జేబు ఉబ్బెత్తుగా ఉంది. అందులోంచి తొడుగులు లాగితే, వాటితోపాటు ఓ మడత కాగితం జారి పడి, ఉప్పు చెక్కనేల మీద చిందింది.

ఎడమచేతి తొడుగు బరువుగా ఉంది. ఫెర్డీ దాన్ని తెరవకుండానే స్టూలు అంచున, వాడి తొడ పక్కన పెట్టాడు. ఎర్రలైటు వెలుగులో ఆ ఉన్ని సందుల్లోంచి, కాలిన దుంప ఆవిరి ఇంకా సన్నగా పైకి లేస్తోంది.